‘ఉన్నాడా’ వేరు, ‘ఉన్నాడో’ వేరు

సందేహం: మా నాయనమ్మ శనివారం తప్పకుండా త్యాగరాయనగర్‌లోని తిరుమల దేవస్థానం వారి గుడికి వెళ్తుంది. దేవుడున్నాడంటావా అని అడిగితే మాత్రం ‘ఉన్నాడో లేడో, నేను ఆయన్నే నమ్ముకున్నాను’ అంటుంది. ఈ మాట తనను తానే ఖండించుకోవడం లేదా? ‘ఉన్నాడా లేడా’ అనడమే సరైన తెలుగు అనీ, ‘ఓ’ తమిళ వాసన అనీ మిత్రుడొకరు అంటున్నారు. ‘లేడో’ తరవాత ప్రశ్నార్థక చిహ్నం ఉండాలా?
(ఒక పాఠకుడు, పెరంబూరు, చెన్నై)

సమాధానం: తమిళ వాసన సంగతి ముందే తేల్చేద్దాం. తమిళంలో ‘ఇరుక్కిరారో ఇల్లైయో’ అంటారు, కన్నడంలో ‘ఇద్దానో ఇల్లవో’ అంటారు. ఇది ఈ భాషలన్నిటి ఉమ్మడి సొత్తే కాని ఒకరి దగ్గర మరొకరు తెచ్చుకున్న అప్పు కాదు. 15వ శతాబ్దపు పోతన తన గజేంద్రుడి చేత ‘కలఁడు కలం డనెడివాఁడు గలఁడో లేఁడో’ అనిపించాడు. చెన్నపట్నం పుట్టిందే 1639లో కాబట్టి ఆయనకు ఇక్కడి గాలి సోకి ఉండదు. మలయాళం దారి మాత్రం వేరు. మీ వీధి చివరి మలయాళీ టీ కొట్టులో ఎవరైనా ‘చాయ ఉండో’ అంటే అది అచ్చమైన ప్రశ్న, జవాబు చెప్పి తీరాలి.

తెలుగులో ఆ పని ‘ఆ’ చేస్తుంది. ‘బస్సు వచ్చిందా?’ అని పక్కవారిని అడిగితే వారు మనకు జవాబు బాకీ పడతారు. ‘బస్సు వెళ్లిపోయిందో ఏమో’ అంటే ఎవరూ ఏమీ బాకీ పడరు. తెలియదన్న సంగతిని చెప్పి ఊరుకున్నాం, అంతే. ‘ఏమి’కి ‘ఓ’ చేరితే ‘ఏమో’ అయింది. ప్రశ్న అలాగే లోపల ఉంది, జవాబు కోసం పట్టుదల మాత్రం పోయింది; పైగా ఎవరేమడిగినా అదే జవాబుగా చెల్లుతోంది. కాబట్టి మీ నాయనమ్మ మిమ్మల్ని ఏమీ అడగలేదు. మీ ‘ఆ’ను తీసుకుని ‘ఓ’గా మార్చి పక్కన పెట్టారు.

ఇక నమ్మకం మాట. ‘వాన వస్తుందని నమ్మాడు’ అనేది ఒక విషయం నిజమా కాదా అన్నదానిపై అభిప్రాయం. వాన రాకపోతే ఆ అభిప్రాయం తప్పవుతుంది. ‘వానను నమ్ముకుని విత్తనం వేశాడు’ అన్నప్పుడు, వస్తుందో రాదో ఆ రైతుకు తెలియదు, తెలుసునని అతడు చెప్పనూ లేదు. ఉన్న గింజలు మట్టిలో పోశాడు. మొదటి వాక్యానికి ‘అని’ కావాలి, రెండోదానికి అక్కర్లేదు. వండడానికీ వండుకోవడానికీ ఉన్న తేడాయే నమ్మడానికీ నమ్ముకోవడానికీ ఉంది: ‘కొను’ చేరేసరికి ఆ పని ఫలం చేసినవారికే చెందుతుంది. మీ నాయనమ్మ ‘ఉన్నాడని నమ్ముతున్నాను’ అని ఉంటే ముందరి ‘ఉన్నాడో లేడో’తో పేచీ వచ్చేదే. ఆమె ‘ఆయన్నే నమ్ముకున్నాను’ అన్నారు. వ్యాకరణం దృష్టిలో ఇక్కడ ఖండన ఏదీ లేదు. నన్నడిగితే ఇంత జాగ్రత్తగా మాటలు ఎంచుకునేవారు పండితుల్లోనూ తక్కువే.

గజేంద్రుడి వరసా ఇదే. ‘గలఁడో లేఁడో’ అన్న నోటితోనే కొద్ది పద్యాల తరవాత ‘రావే యీశ్వర’ అని పిలిచాడు. నడుమ ఎవరూ వచ్చి ఆ సందేహం తీర్చిపోలేదు.

చిహ్నం విషయానికొస్తే, తాటాకు ప్రతుల్లో ప్రశ్నార్థకాలు లేవు. అచ్చు పుస్తకాల్లో ఆ పద్యం చివర కనిపించేది పరిష్కర్తలు పెట్టినదే. అక్కడ మాట ముగిసింది కనుక దాన్ని తప్పుపట్టను. మీ నాయనమ్మ మాట రాసేటప్పుడు మాత్రం ‘లేడో’ తరవాత కామా పెట్టండి, ఆమె వాక్యం అక్కడ ఆగలేదు.