పెరుగన్నం పెట్టండి, కోడికూర పులుసు మాత్రం వద్దు

ఎనిమిది నెలల కుక్కపిల్లకు మనం తినే అన్నం, కూరలు, పండ్లు పెట్టవచ్చా అని అడిగారు. అన్నానికి అభ్యంతరం లేదు. కూర దగ్గరే నేను ఒకసారి దెబ్బతిన్నాను, అది ముందు చెబుతాను.

మాది వీధిలో దొరికిన నాటుకుక్క. పేరు బుజ్జి, బరువు 12 కిలోలు. రెండేళ్ల క్రితం ఇంటికి చుట్టాలు వచ్చిన రెండు రోజులూ మిగిలిన కోడికూర పులుసు దాని అన్నంలో కలిపి పెట్టాం. ఎముకలు ఏరేశాం, కంటికి కనిపించిన ఉల్లిపాయ ముక్కలూ తీసేశాం. చుట్టాలు వెళ్లిన మూడో రోజు బుజ్జి పడుకున్న చోటి నుంచి లేవలేదు. చిగుళ్లు పాలిపోయాయి, మూత్రం డికాషన్ రంగులో వచ్చింది. దిష్టి తగిలిందని మా అత్తయ్య, ఎండదెబ్బని నేను. రక్తపరీక్ష చూసి పశువైద్యుడు అడిగిన మొదటి మాట, "ఈ వారంలో ఉల్లిపాయ ఏమైనా తిన్నదా?"

ఉల్లి, వెల్లుల్లిలో ఉండే గంధకపు పదార్థాలు కుక్కల ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. ఆ కణాలు పగిలి రక్తం తగ్గడానికి కొన్ని రోజులు పడుతుంది. అందుకే తిన్న రోజు కుక్క హుషారుగానే ఉంటుంది, మనం కూర సంగతి మరిచిపోయాక జబ్బు బయటపడుతుంది. ఉడికించినా, వేయించినా, పొడి కొట్టినా ఆ గుణం పోదు. కుక్క బరువులో 0.5 శాతానికి మించి ఉల్లిపాయ ఒకేసారి కడుపులోకి వెళితే ప్రమాదమని పశువైద్యులు లెక్క చెబుతారు. బుజ్జికైతే అది 60 గ్రాములు, ఒక మధ్యరకం ఉల్లిపాయ కూడా కాదు. కోడికూరకు మనం ఎన్ని ఉల్లిపాయలు నూరి వేస్తామో మీకు తెలియనిది కాదు. సారమంతా పులుసులో దిగిపోయాక ముక్కలు ఏరి ఏం లాభం? బుజ్జి మళ్లీ మనిషిలో పడడానికి (కుక్కను ఇంకేమనాలో తెలియదు) నెల పట్టింది.

"వీధికుక్కలు అన్నీ తిని బతుకుతున్నాయి కదా" అని ఎవరో ఒకరు అంటారు. తిని చచ్చినవాటిని లెక్కపెట్టినవారు లేరు.

ద్రాక్ష, కిస్మిస్ ఒక్కటి కూడా వద్దు. మూత్రపిండాలు పాడవుతాయి, ఏ కుక్కకు ఎన్ని తింటే ముప్పో ముందుగా చెప్పలేరు. పాయసం గిన్నె నాకించేవారు ఇది గుర్తుంచుకోవాలి. ద్రాక్షలోని టార్టారిక్ ఆమ్లమే దీనికి కారణం కావచ్చని 2021 నుంచి పశువైద్యులు అనుమానిస్తున్నారు. మన చింతపండులో ఆ ఆమ్లం దండిగా ఉంటుంది. అందుకే పులిహోర, చారు, సాంబారు బుజ్జి గిన్నెలోకి రావు. చాక్లెట్, జైలిటాల్ అనే తీపి పదార్థం కలిపిన చక్కెర లేని చూయింగ్ గమ్ కూడా విషమే. మామిడిపండు గుజ్జు రెండు ముక్కలు పెట్టవచ్చు, టెంక మాత్రం పేగులో అడ్డం పడుతుంది. ఉడికిన కోడి ఎముక పుల్లల్లా చీలి గుచ్చుకుంటుంది.

ఇక పెట్టదగినవి: తాలింపు లేని పెరుగన్నం, ఉడికించిన గుడ్డు, క్యారెట్, గుమ్మడికాయ, కొంచెం అరటిపండు. పాలు పడని కుక్కల్లో చాలావాటికి పెరుగు పడుతుంది. అయితే మీది ఎదిగే పిల్ల, పెరుగన్నంతోనే పెంచితే మాంసకృత్తులు, కాల్షియం చాలవు. కుక్కపిల్లల కోసం తయారుచేసిన ఆహారాన్నే ప్రధానంగా ఉంచి, ఇంటి తిండిని పైపైన పెట్టండి.

తినకూడనిది తింటే ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించకండి, ఉప్పు ఎక్కువై అదే ప్రాణం మీదికి వస్తుంది. ఏది, ఎంత, ఎప్పుడు తిన్నదో రాసుకుని వెంటనే వైద్యుడికి ఫోను చేయండి. లక్షణాలు కనిపించేదాకా ఆగవద్దు, మేము ఆగాం.

ఇప్పుడు మా అత్తయ్య ఉల్లిపాయలు తరగకముందే బుజ్జి వాటా కోడిముక్కలు విడిగా ఉడికించి, ఎముకలు తీసి పక్కన పెడుతున్నారు. దిష్టి కూడా తీస్తున్నారు, దానికి నేను అడ్డు చెప్పలేదు.