గోదావరిఖని జతల్లో 4 సెంటీమీటర్ల కుంగుబాటు: అది నేలా, గాలిలో తేమా?

మీ ప్రశ్న ఇది: గోదావరిఖని చుట్టుపక్కల సెంటినెల్-1 అనే యూరప్ రాడార్ ఉపగ్రహం చిత్రాలతో ఇంటర్‌ఫెరోగ్రామ్‌లు (రెండు తేదీల చిత్రాలను జత కట్టి నేల కదలిక చూపే పటాలు) చేశారు. జూన్ జతలో పెద్ద ప్రాంతమంతా 4 సెంటీమీటర్లు కుంగినట్టు వచ్చింది. గాకోస్ (వాతావరణ నమూనాతో గాలి వల్ల వచ్చే ఆలస్యాన్ని లెక్కగట్టే ఆన్‌లైన్ సేవ) దిద్దుబాటు వేస్తే తగ్గకపోగా ఇంకా పెరిగింది. ఇప్పుడేం చేయాలి, భారత్, అమెరికా కలిసి పంపిన రాడార్ ఉపగ్రహం నైసార్‌కు మారితే ఈ బాధ తప్పుతుందా అని అడిగారు.

వరంగల్‌లో ఎం.టెక్. చేసేటప్పుడు నాకూ ఇదే ఎదురైంది. ఒకటిన్నర ఫ్రింజి (పటంలో రంగులు ఒక చుట్టు తిరిగితే ఒక ఫ్రింజి) కనపడగానే బొగ్గు బాయి ప్రభావం దొరికిందని సంబరపడి, మా మేనమామకు చూపించాను. ఆయన ఎన్నో ఏళ్లు బొగ్గు బాయిల మీద లెవెలింగ్ చేసిన సర్వేయర్. పటం మీద వేలు పెట్టి, "బాయి హద్దు ఈడ. పైన నేల కుంగితే గిన్నె లెక్క కుంగుతది, హద్దు దాటినంక కొద్ది దూరంలనే ఆగుతది. నువ్వు చూపెట్టేది ఇరవై కిలోమీటర్లున్నది. ఇది బాయి పని కాదు అల్లుడా" అన్నాడు. రాడార్ గురించి ఆయనకేమీ తెలియదు. కానీ నేల ఎట్లా కుంగుతుందో తెలుసు.

అప్పుడు కూర్చొని లెక్క వేశాను. గాలిలోని మొత్తం నీటి ఆవిరి (నీరుగా మారిస్తే వచ్చే లోతు లెక్కలో) 1 మిల్లీమీటరు పెరిగితే, నిట్టనిలువుగా వచ్చే రాడార్ తరంగానికి సుమారు 6.5 మిల్లీమీటర్ల దూరమంత ఆలస్యం కలుస్తుంది. రెండు చోట్ల మధ్య తేడా 5 మిల్లీమీటర్లుంటే 3.2 సెంటీమీటర్లు దాటుతుంది. సెంటినెల్ ఏటవాలుగా, దాదాపు 39 డిగ్రీల కోణంలో చూస్తుంది కాబట్టి అది 4.2 అవుతుంది. ఒక ఫ్రింజి 2.8 సెంటీమీటర్లు. అంటే నేల వెంట్రుకవాసి కదలకుండానే ఒకటిన్నర ఫ్రింజి వచ్చేసింది! తొలకరి రోజుల్లో మన దగ్గర అంత తేడా పెద్ద విషయం కాదు.

అందుకే ఏ దిద్దుబాటూ వేయకముందే ఒక పని చేయండి. అనుమానమున్న తేదీని, దాని ముందు తేదీతో ఒకసారి, తర్వాతి తేదీతో మరోసారి జత కట్టి పక్కపక్కన పెట్టండి. తేమ ఎక్కువున్న రోజు జతలో రెండోదైతే నేల కుంగినట్టు, మొదటిదైతే అదే ఆకారం ఉబ్బినట్టు కనిపిస్తుంది. 12 రోజుల్లో కుంగిన నేల మరో 12 రోజుల్లో అదే ఆకారంలో పైకి లేవదు. గుర్తు తిరగబడిందంటే ఆ తేదీ మీద గాలిదే తప్పు. నాకు మూడు జతలు చూడగానే తేలిపోయింది. నిజమైన గిన్నె మాత్రం ఏ జతలోనైనా అక్కడే ఉండి, నెమ్మదిగా లోతవుతుంది.

గాకోస్ ఎందుకు చెడగొట్టింది? అది ఇచ్చే పటం చూడటానికి సన్నగానే ఉన్నా, దాని వెనకున్న వాతావరణ నమూనా అంత సన్నది కాదు. ఈఆర్ఏ5 అనే యూరప్ వాతావరణ డేటా అయితే గడి దాదాపు 31 కిలోమీటర్లు. గోదావరిఖనికీ మంథనికీ మధ్య దూరం అంతకంటే తక్కువే. మన దగ్గర ఒక చెలకల వాన పడితే పక్క చెలక ఎండిపోయి ఉంటుంది, ఆ మబ్బును నమూనా పట్టలేదు. తప్పుచోట తేమ ఊహిస్తే దిద్దుబాటే కొత్త తప్పు కలుపుతుంది. రామగిరి గుట్టల్లాంటి చోట ఎత్తును బట్టి మారే ఆలస్యానికి, చలికాలం నుంచి వానాకాలం దాకా సాగే నెమ్మది మార్పుకు మాత్రం ఇలాంటి దిద్దుబాట్లు బాగా పనికొస్తాయి. కాబట్టి ప్రతి జతకూ కదలని చోట దిద్దుబాటుకు ముందు, తర్వాత విలువల విచలనం (ఎంత చెదిరి ఉన్నాయో) కొలవండి. తగ్గితేనే ఉంచుకోండి.

మీకు కావలసింది బాయి మీది గిన్నే అయితే, నా అనుభవంలో అన్నిటికంటే మేలు చేసింది రిఫరెన్స్ పాయింటును (కదలదనుకొని మిగతా చోట్లను దేనితో పోలుస్తామో ఆ చోటును) దగ్గరికి తేవడం. రెండు మూడు కిలోమీటర్లలో గాలి మామూలుగా అంతగా మారదు, తేడా తీసేటప్పుడు చాలావరకు కొట్టుకుపోతుంది. ఇక్కడ నేను పొరపడ్డ చోటు చెప్తాను. పొలాల్లో కోహెరెన్స్ (రెండు చిత్రాల రాడార్ సంకేతాల పోలిక) నిలవదు, క్వార్టర్ల కప్పుల మీద చక్కగా నిలుస్తుంది కదా అని కాలనీలో పాయింటు పెట్టాను. ఆ కాలనీ కింద బొగ్గు తవ్విన పాత పని ఉందని తర్వాత తెలిసింది. బాయి నక్షా చూడకుండా పాయింటు పెట్టకండి.

ఇంకో మాట. వరుస జతలను కూడితే గాలి సగటై పోతుందని చాలామంది అనుకుంటారు. పోదు. గొలుసులో మధ్య తేదీలు ఒకదానికొకటి రద్దయి, మొదటి తేదీ, చివరి తేదీల గాలి మిగులుతుంది. ఆ రెండూ పొడి రోజులయ్యేట్టు, జనవరిలోనో ఫిబ్రవరిలోనో ఎంచుకోండి.

నైసార్ 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి వెళ్లింది. దాని ఎల్-బ్యాండ్‌కు (సెంటినెల్ కంటే పొడవైన తరంగం) పంటచేలల్లో కోహెరెన్స్ మెరుగ్గా ఉంటుంది, అది మనకు పెద్ద లాభం. తేమ వల్ల వచ్చే ఆలస్యం మాత్రం సెంటీమీటర్లలో అంతే. పైగా అయనోస్ఫియర్ (చాలా ఎత్తున విద్యుదావేశం ఉన్న గాలి పొర) ప్రభావం తరంగదైర్ఘ్యం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, సెంటినెల్‌తో పోలిస్తే పద్దెనిమిది రెట్ల పైమాటే. దాన్ని వేరుగా తీయాలి.

గోడలు పగిలిన ఇళ్లవాళ్లు రేపు మీ పటం పట్టుకొని ఆఫీసుల చుట్టూ తిరగవచ్చు. ఒక్క తడి రోజు వల్ల వచ్చిన 4 సెంటీమీటర్లు అందులో ఉంటే, నిజంగా కుంగిన 2 సెంటీమీటర్లను కూడా ఎవరూ నమ్మరు. మీ జతల తేదీలు ఇక్కడ రాయండి, ఏ రోజు తేడా చేసిందో కలిసి చూద్దాం.