రైతుల ప్రశ్నల పేజీకి మార్కప్ రాయబోయే బిడ్డకు

బిడ్డా,

మీ సైటుల పత్తి, మిర్చి రైతులు అడిగే ప్రశ్నల పేజీలకు స్ట్రక్చర్డ్ డేటా, అంటే పేజీల ఏముందో సెర్చ్ ఇంజన్లకు అర్థమయ్యేటట్టు చెప్పే మార్కప్ కోడు, పెట్టాలనుకుంటున్నవని మీ బాపు చెప్పిండు. చాలా సంతోషమైంది. నేను ఏండ్ల తరబడి చేసిన పని ఇది, అందుకే రాస్తున్న. కోడు రాసుడు ఒక పూట పని. పేజీల ఉన్నది ఉన్నట్టు చెప్పుడే కష్టం, మనసు పెట్టాల్సింది అక్కడ.

ముందుగాల ఏ పేజీ ఏ రకమో తేల్చుకో. 2011ల గూగుల్, బింగ్, యాహూ కలిసి మొదలుపెట్టిన స్కీమా డాట్ ఆర్గ్ అనే మార్కప్ పదజాలంల క్యూఏ పేజ్ వేరు, ఎఫ్ఏక్యూ పేజ్ వేరు. ఒక ప్రశ్న కింద ఎవరైనా వచ్చి జవాబు రాయగలిగితే క్యూఏ పేజ్. ప్రశ్నా జవాబూ రెండూ మీరే రాసి పెడితే ఎఫ్ఏక్యూ. విత్తనాలు కొనేటప్పుడు చూసుకోవాల్సినవని మీరు రాసిన పేజీ రెండో రకం, దానికి క్యూఏ పేజ్ పెట్టకు. ఎఫ్ఏక్యూ పెట్టినా సెర్చ్‌ల ఆ ప్రశ్నలు విడిగా కనిపిస్తయని ఆశపడకు. పేరున్న ప్రభుత్వ, ఆరోగ్య సైట్లకు తప్ప మిగతావాటికి గూగుల్ 2023 ఆగస్టులనే దాన్ని తగ్గించేసింది. 'మిర్చి' అని నొక్కితే ప్రశ్నలన్నీ వరుసగా వచ్చే పేజీ ఉంటది చూడు, దాన్ని కూడా వదిలెయ్. పేజీకి ఒక్కటే ప్రశ్న ఉండాలె.

ఇగ లోపలి సంగతి. "మిర్చి పూతల నల్ల తామర పురుగు పడ్డది, ఏం చెయ్యాలె?" అని ఒకాయన అడిగిండనుకో. ఈ వాక్యం మార్కప్‌ల నేమ్ అనే గడిల పోతది. చేను ఏ మండలంల ఉంది, నాటి ఎన్ని దినాలైంది అని కింద రాసిన వివరమంతా టెక్స్ట్ అనే గడిల పోతది. దాని కింద మూడు వచ్చినయి. ఒకరు నీలం రంగు జిగురు అట్టలు పెట్టి వేపనూనె కొట్టమన్నరు. ఇంకొకరు ఒక మందు పేరు, మోతాదు రాసిండ్రు. మూడో ఆయన "ఏ రకం మిర్చి అన్నా?" అని అడిగిండు. ఆ మూడోది జవాబు కాదు, కామెంట్. జవాబుల లెక్క చెప్పే ఆన్సర్ కౌంట్‌ల 2 అని రాయాలె. ఎక్కువ కనబడాలని 3 వేస్తే అది అబద్ధమే.

యాక్సెప్టెడ్ ఆన్సర్, అంటే ఒప్పుకున్న జవాబు, కాడ ఇంకా జాగ్రత్త. అడిగిన రైతు టిక్ పెట్టిన జవాబునో, మీ సైటు పద్ధతి ప్రకారం అందరి ముందు ఎంచిన జవాబునో అట్ల గుర్తించాలె. అసొంటి పద్ధతే లేకుంటే అన్నీ సజెస్టెడ్ ఆన్సర్లే, అంటే ఒట్టి సూచనలే. మీకు తెలిసిన దుకాణపాయన జవాబును కోడుల మాత్రం గుట్టుగా పైకి ఎక్కించొద్దు. మందు మోతాదు తప్పుంటే ఆ తప్పు సెర్చ్ నుంచి నేరుగా ఒకరి చేన్లకు పోతది, పంట పోయేది వాళ్లది. పురుగుమందుల జవాబులను వరంగల్ ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానంల తెలిసినోళ్లకు చూపించుకో. తప్పని తేలితే పేజీల నుంచే తీసెయ్, మార్కప్‌ల నుంచి కూడా అదే క్షణం పోవాలె. పేజీ, మార్కప్ రెండూ డేటాబేసుల ఒక్క చోటు నుంచే డేటా తీసుకునేటట్టు రాస్తే ఈ బాధ ఉండదు. ఓట్ల లెక్కా అంతే, చదివేటోనికి కనిపించే అంకె వేరు, కోడుల అంకె వేరు కావొద్దు.

ఈ మార్కప్‌ను జేసన్-ఎల్‌డీ అనే రూపంల రాయి, గూగుల్ సూచించేది అదే. కానీ ముక్కలు ముక్కలుగా అతికించి జేసన్ తయారు చెయ్యకు. రైతు జవాబుల ఒక్క డబుల్ కోట్ పెట్టినా, ఎంటర్ కొట్టినా మొత్తం విరుగుతది. నీ భాషల జేసన్ ఎన్‌కోడ్ చేసే ఫంక్షన్ ఉంటది, అదే వాడు. జవాబుల ఎవరన్న స్క్రిప్ట్ ముగింపు ట్యాగ్ రాసినా పేజీ చెడకుండ చూసుకో. తెలుగు అక్షరాలకు భయం లేదు, యూటీఎఫ్-8 అనే అక్షరాల పద్ధతిల సక్కగనే పోతయి. జవాబును సగంల కోసి "ఇంకా చదవండి" అని పెట్టకు, పూర్తి పాఠం పెట్టు. ప్రతి జవాబుకు దాని సొంత లింకు ఇయ్యి. తేదీ, టైము రాసేటప్పుడు చివర మన దేశ సమయమని చెప్పే +05:30 మరువకు. మనోళ్లు జవాబులనే ఫోన్ నంబర్లు రాస్తరు. వాటిని పేజీల, మార్కప్‌ల రెండు చోట్లా తీసెయ్యి.

రాసినంక గూగుల్ రిచ్ రిజల్ట్స్ టెస్ట్‌ల వేసి చూడు, సెర్చ్‌ల ప్రత్యేకంగా కనిపించే ఫలితానికి మార్కప్ సరిపోతదో లేదో అది చెప్తది. మంచిగ జవాబులున్న పేజీ ఒక్కటి చూసి ఊకోకు. జవాబే రాని ప్రశ్న, ఒక్క జవాబున్న ప్రశ్న, చానా పొడుగు జవాబున్న ప్రశ్న, మూడూ వేసి చూడు. జవాబు లేని పేజీకి ఆ ప్రత్యేక ఫలితం రాదు, దానికి బెంగపడాల్సిన పని లేదు. టెస్ట్‌ల పచ్చగ వచ్చినా సెర్చ్‌ల చూపిస్తమని గూగుల్ ఎక్కడా మాట ఇయ్యలేదు, ఈ మాట మీ టీమోళ్లకు ముందే చెప్పు.

మొదలు కొన్ని పేజీలకే పెట్టి, సైటు సెర్చ్‌ల ఎట్లుందో చూపే గూగుల్ సెర్చ్ కన్సోల్‌ల క్యూ అండ్ ఏ రిపోర్టు గమనించు. లోపం కనిపిస్తే టెంప్లేటుల దిద్ది, తర్వాత అన్నిటికీ పెట్టు. మిర్చి పూతకు రాకముందే ఇది అయిపోతే మేలు, తామర పురుగు ప్రశ్నలు వరుసపెట్టి వచ్చేది అప్పుడే. ఎక్కడన్న ఆగితే ఆ పేజీ లింకు నాకు పంపు, చూసి చెప్త.

నీ పెద్దనాయన,
హన్మకొండ