పిల్స్ మొదలుపెట్టాక దిగులు, గుండెదడ.. మాత్రల వల్లేనా?

ప్రశ్న: నా వయసు 27. పిల్లలు అప్పుడే వద్దనుకుని నాలుగు నెలల క్రితం గర్భనిరోధక మాత్రలు మొదలుపెట్టాను. 21 రోజులు వేసుకుని 7 రోజులు ఆపే రకం. రెండో నెల నుంచి ఏ కారణం లేకుండా ఏడుపొస్తోంది. రాత్రి పడుకోగానే గుండెదడ. చిన్న మాటకే మా వారి మీద అరిచేస్తున్నాను. కాలేజీ రోజుల్లో డిప్రెషన్‌కు ఆరు నెలలు మందులు వాడాను. మాత్రలు రాసిన డాక్టర్‌కు చెబితే ‘అవన్నీ మీ ఊహలు’ అన్నారు. ఇవి మానేయాలా? మళ్లీ డిప్రెషన్ మందులు వేసుకోవాల్సి వస్తే పిల్స్‌తో కలిపి వాడొచ్చా?

జవాబు: ఊహలు కావమ్మా. ముందు ఆ మాట చెప్పాకే మిగతావి. మీకు ఏడుపొస్తోంది, రాత్రిళ్లు దడ వస్తోంది, ఇంట్లో గొడవలవుతున్నాయి. ఇవి నిజంగా జరుగుతున్నవి. వీటికి కారణం మాత్రలేనా, ఇంకేమైనా ఉందా అన్నది తేల్చుకోవాల్సిన ప్రశ్నే గానీ, కొట్టిపారేయాల్సింది కాదు. యూరప్ ఔషధ నియంత్రణ సంస్థ కూడా 2018లో, హార్మోన్ గర్భనిరోధకాల వెంట ఇచ్చే సమాచార పత్రంలో డిప్రెషన్ గురించిన హెచ్చరిక చేర్చాలని సూచించింది.

మాత్రకూ మనసుకూ లంకె ఎక్కడుందో చెబుతాను. అండం విడుదలయ్యాక అండాశయం ప్రొజెస్టిరాన్ తయారుచేస్తుంది. అది శరీరంలో మార్పు చెంది మెదడును నెమ్మదింపజేసే ఒక పదార్థంగా మారుతుంది. నిద్రకు, ప్రశాంతతకు అది సాయపడుతుంది. పిల్ వేసుకుంటే అండం విడుదల ఆగుతుంది, సొంత ప్రొజెస్టిరాన్ తగ్గిపోతుంది. మాత్రలో ఉండే కృత్రిమ హార్మోన్ గర్భం రాకుండా చూస్తుంది గానీ, మెదడులో ఆ పనిని అదే తీరుగా చేయదు. చాలామందికి ఈ తేడా తెలియనే తెలియదు. కొందరికి మాత్రం గట్టిగా తగులుతుంది. విచిత్రం ఏమిటంటే ఇంకొందరికి పిల్స్‌తో మనసు కుదుటపడుతుంది కూడా. నెలసరికి ముందు వచ్చే తీవ్రమైన దిగులు, చిరాకులకు డ్రోస్పిరెనాన్ అనే కృత్రిమ హార్మోన్ ఉన్న ఒక పిల్‌ను అమెరికాలో 2006లో చికిత్సగానే ఆమోదించారు. అందుకే మీ స్నేహితురాలికి పడిన మాత్ర మీకు పడకపోవచ్చు, మీకు పడనిది ఆమెకు పడొచ్చు.

ఈ విషయంలో ఎక్కువగా చెప్పుకునే అధ్యయనం డెన్మార్క్‌ది. 2016లో వచ్చింది. 15 నుంచి 34 ఏళ్ల మధ్య ఉన్న పది లక్షల మందికి పైగా స్త్రీల రికార్డులు చూశారు. హార్మోన్ గర్భనిరోధకాలు వాడని వెయ్యి మందిలో ఏడాదికి సుమారు 17 మంది మొదటిసారి డిప్రెషన్ మందులు మొదలుపెడితే, వాడేవారిలో 22 మంది మొదలుపెట్టారు. అంటే వెయ్యికి ఐదుగురు ఎక్కువ. టీనేజ్ అమ్మాయిల్లో తేడా ఇంకా పెద్దది. మొదలుపెట్టిన ఆరు నెలల దగ్గర ప్రమాదం ఎక్కువగా కనిపించింది. దీన్నిబట్టి కారణం మాత్రేనని తేలిపోలేదు, జీవితంలో అదే సమయంలో వచ్చే మార్పులు కూడా ఉంటాయి. పైగా అంతకుముందు డిప్రెషన్ వచ్చినవారిని ఆ లెక్కలో కలపలేదు, కాబట్టి ఆ అంకె మీకు నేరుగా వర్తించదు. డిప్రెషన్ ఉన్నంత మాత్రాన ఈ పద్ధతులేవీ వాడకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు కూడా అనవు. వాడొచ్చు, కానీ కనిపెట్టుకుని ఉండాలి.

ఎలా కనిపెట్టుకోవాలో నా దగ్గరకు వచ్చిన ఒకామె నేర్పింది. ఆమె పెద్ద డైరీ ఏమీ రాయలేదు. మాత్రల స్ట్రిప్పు వెనక, ఖాళీ అయిన ప్రతి గడి పక్కన బాల్‌పెన్‌తో చిన్న గుర్తు పెట్టింది. బాగున్న రోజు చుక్క, ఏడ్చిన రోజు గీత. మాత్ర లేని ఏడు రోజులకు అంచున ఏడు గుర్తులు. మూడు స్ట్రిప్పులు బల్ల మీద పక్కపక్కన పెడితే విషయం నాకంటే ముందే ఆమెకు అర్థమైంది: గీతలన్నీ ఆ ఏడు రోజుల దగ్గరే గుంపుగా ఉన్నాయి. హార్మోన్ ఒక్కసారిగా తగ్గిన రోజులవి. ఆమెకు మాత్రలు మానిపించాల్సిన పని పడలేదు. విరామం నాలుగు రోజులే ఉండే రకానికి మారిస్తే సరిపోయింది. మీ గుర్తులు నెలంతా పరుచుకుని ఉంటే కథ వేరు.

నా అభిప్రాయం అడిగితే, మీకు గతంలో డిప్రెషన్ ఉంది, ఇప్పుడు తగ్గే సూచన కనిపించడం లేదు కాబట్టి ఇంకో రెండు మూడు నెలలు ఓర్చుకోమని చెప్పను. ఈ స్ట్రిప్పు అయ్యేదాకా గుర్తులు పెట్టండి, ఈలోపు డాక్టర్‌ను కలిసి వేరే పద్ధతి నిర్ణయించుకోండి. మధ్యలో మాత్రం ఆపేయొద్దు. వీర్యకణాలు లోపల ఐదు రోజుల దాకా బతకగలవు, మధ్యలో మానేస్తే అంతకుముందు కలిసిన దానికి కూడా గర్భం రావొచ్చు. మానేశాక మనసు తేటపడటానికి కొన్ని వారాలు పట్టొచ్చు, మర్నాడే తేడా కనిపించలేదని కంగారు పడకండి.

హార్మోనే వద్దనుకుంటే కాపర్-టి ఉంది, కండోమ్ ఉంది. హార్మోన్ ఉండే లూప్‌లో మోతాదు తక్కువే గానీ మనసుకు అసలు తగలదని హామీ ఇవ్వలేం. మూడు నెలల ఇంజెక్షన్ మీకిప్పుడు వద్దంటాను. పడకపోతే మాత్రను ఆపేయొచ్చు, వేసేసిన ఇంజెక్షన్‌ను వెనక్కి తీయలేం.

ఇక డిప్రెషన్ మందుల సంగతి. సెర్ట్రలిన్, ఎస్సిటాలోప్రామ్, ఫ్లూఆక్సెటిన్ లాంటివి పిల్స్‌తో కలిపి వాడొచ్చు, ఇబ్బంది లేదు. మూలికా మందు అని ధైర్యంగా వేసుకునే సెయింట్ జాన్స్ వర్ట్ మాత్రం పిల్స్ పనితనాన్ని దెబ్బతీస్తుంది. మూర్ఛకు, మూడ్ సమస్యలకు ఇచ్చే కార్బమజెపిన్ కూడా అంతే. అలాంటి సమస్యలకే ఇచ్చే లామోట్రిజిన్ వాడేవారిలో ఇది తిరగబడుతుంది: ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోన్ ఉన్న పిల్ వల్ల ఆ మందే రక్తంలో తగ్గిపోతుంది. థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు కూడా చేయించండి. థైరాయిడ్ ఎక్కువైనా, రక్తం తగ్గినా దడ వస్తుంది.

దడ గురించి ఇంకొక్క మాట. ఉన్నట్టుండి ఆయాసం, ఊపిరి తీస్తే ఛాతీలో నొప్పి, ఒక కాలి పిక్క వాచి నొప్పెట్టడం.. వీటిని టెన్షన్ అనుకుని పడుకోవద్దు. ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలతో అరుదుగా రక్తం గడ్డకడుతుంది, అప్పుడు వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి. చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా అంతే, మీ వారికి చెప్పి ఆ రోజే డాక్టర్ దగ్గరకు వెళ్లండి.

గుర్తులు పెట్టిన స్ట్రిప్పు, కాలేజీలో వాడిన మందుల చీటీ దొరికితే అదీ వెంట తీసుకెళ్లండి. అవి చూశాక కూడా ‘ఊహలు’ అనే అంటే, వేరే గైనకాలజిస్ట్‌కు చూపించుకోండి.