వర్ణవివక్ష ఉన్న దేశంలో మిశ్రమ సంతానంగా పెరగడం ఎలా ఉంటుంది?

వేరు వేరు జాతుల అమ్మానాన్నలకి పుట్టి, అలాంటి దేశంలో పెరిగినవాళ్లు ఉంటే చెప్పమన్నారు కదా, చెప్తాను. నేను పుట్టింది 1975లో, దక్షిణాఫ్రికా డర్బన్‌లో. నాన్నది చెరుకు తోటల్లో కూలికి వచ్చిన తెలుగువాళ్ల కుటుంబం, అమ్మ 'కలర్డ్'. ఇది తిట్టు కాదు, 1950 నాటి జనాభా నమోదు చట్టంలో మిశ్రమ జాతి వాళ్లకి పెట్టిన వర్గం పేరు. అప్పట్లో డర్బన్‌లో ఇండియన్లు చాట్స్‌వర్త్ అనే పేటలో, కలర్డ్‌లు వెంట్‌వర్త్ అనే పేటలో ఉండాల్సి వచ్చేది. మేం చాట్స్‌వర్త్‌లో ఉండేవాళ్లం. (నా తెలుగు అవ్వ నేర్పింది, తప్పులుంటే ఆవిడ ఖాతాలో వేయండి.)

అందరూ రంగు రంగు అంటారు గానీ, నన్నడిగితే గొడవంతా జుట్టుతోనే. నాకు నాన్న రంగే వచ్చింది, ఏ మేనత్త పక్కన నిలబెట్టినా కలిసిపోతాను. జుట్టు మాత్రం అమ్మది. ప్రతి ఆదివారం అవ్వ గిన్నెడు కొబ్బరినూనె పెట్టి రెండు జడలు బిగించేది, సోమవారం మధ్యాహ్నానికల్లా అది మళ్లీ లేచి కూర్చునేది.

1984లో చిన్న మేనత్త పెళ్లి. మా పెదనాన్న కొడుకు పెన్సిల్ తెచ్చి నా జుట్టులో గుచ్చాడు. మనిషి తెల్లజాతో కాదో తేల్చడానికి అధికారులు చేసిన పరీక్ష అది, పెన్సిల్ జారి పడితే తెల్లవాళ్లు, నిలిస్తే కాదు. ఆ హాల్లో తెల్లవాళ్లు ఒక్కరూ లేరు, మాకెందుకో ఆ పరీక్ష! అయినా పిల్లలంతా మూగారు. నా తలలో నిలిచింది. వాడి తలలో పెడితే టక్కున పడింది, ఇంక వాడి సంబరం చూడాలి. తర్వాత ఫొటోకి పిలిచినప్పుడు పెద్ద మేనత్త నా తల చూసి "దీన్ని వెనక వరసలో నిలబెట్టండే" అంది. అమ్మ వినిందో, విననట్టు ఉండిపోయిందో ఇప్పటికీ తెలీదు.

వెంట్‌వర్త్‌లో అమ్మమ్మ ఇంటికెళ్తే అక్కడి పిల్లలకి నేను 'కూలీ'ని, అక్కడ అది ఇండియన్లని తిట్టే మాట.

అందుకే "రెండు సంస్కృతులూ నీవే, ఎంత అదృష్టం" అనేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ జనాభా నమోదు చట్టం 1991లో పోయింది, ఉద్యోగాల ఫారాల్లో జాతి అడిగే గళ్లు ఇంకా ఉన్నాయి. నష్టపోయినవాళ్లకి న్యాయం చెయ్యడానికేనని తెలుసు, అయినా పెన్ను పట్టుకుంటే చెయ్యి ఆగుతుంది. ఒకచోట ఇండియన్ అని, ఇంకోచోట కలర్డ్ అని టిక్ పెట్టాను. ఎవరూ పట్టించుకోలేదు.

ఆ పెళ్లి ఫొటో నా దగ్గరే ఉంది. బాబాయి భుజం అడ్డొచ్చి మొహం కనబడదు, జుట్టొక్కటే పైకి కనబడుతుంది, అందులో పెన్సిల్. ఎవరూ తీయలేదు.