సైటోటెక్నాలజీకి రెండేళ్ల డిగ్రీ సరిపోతుందా?

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. గుంటూరులో మైక్రోబయాలజీ బీఎస్సీ చేశాను. మావారి హెచ్‌1 మీద నాది హెచ్‌4 వీసా, ఈ మధ్యే ఉద్యోగం చేసుకునే అనుమతి (ఈఏడీ) వచ్చింది. చిన్నవాడికి మూడేళ్లు. కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ చేసి సైటోటెక్నాలజిస్టునవుదామని, అంటే కణాల్ని మైక్రోస్కోపులో చూసి క్యాన్సర్ లాంటివి గుర్తించే ల్యాబ్ పనిలో చేరదామని ఉంది. చేతిలో 18 వేల డాలర్లున్నాయి. సరిపోతాయా?

జవాబు: డబ్బు సంగతి తర్వాత చూద్దామండీ. సైటాలజీలో ఏఎస్‌సీపీ (ల్యాబ్ నిపుణులకు సర్టిఫికేషన్ ఇచ్చే సంస్థ) పరీక్ష రాయాలంటే బ్యాచిలర్ డిగ్రీ ఉండాలి, సీఏఏహెచ్‌ఈపీ (ఆరోగ్య కోర్సులకు గుర్తింపునిచ్చే సంస్థ) గుర్తింపున్న ప్రోగ్రాం పూర్తిచేసి ఉండాలి. అసోసియేట్ ఒక్కటే ఉంటే రాయనివ్వరు. ‘ప్రీ-సైటోటెక్నాలజీ’ పేరుతో రెండేళ్లు చదివినా, ఆ తర్వాత యూనివర్సిటీకి బదిలీ కావాల్సిందే.

మీకు బీఎస్సీ ఉంది కదా, ముందు దాన్ని ఏఎస్‌సీపీ ఒప్పుకునే సంస్థతో కోర్సులవారీగా ఇవాల్యుయేషన్ చేయించండి, అంటే అమెరికా డిగ్రీతో పోల్చి చూపించమనండి. మన మూడేళ్ల డిగ్రీని అమెరికా బ్యాచిలర్స్‌తో సమానమని అన్నిచోట్లా ఒప్పుకోరు. ఒప్పుకుంటే రెండేళ్ల ఫీజు మిగిలినట్టే, నేరుగా సైటాలజీ ప్రోగ్రాంకి అప్లై చేయొచ్చు. లేదంటే తక్కువైన క్రెడిట్లకే డబ్బు కట్టండి.

ఈ ప్రోగ్రాములు దేశం మొత్తం మీద కొద్దిగానే ఉన్నాయి, ఊరు మారాల్సి రావచ్చు. పైగా క్లినికల్ రొటేషన్‌కి (ల్యాబ్‌లో చేసే శిక్షణకి) సాధారణంగా జీతం ఉండదు. పగలంతా మైక్రోస్కోపు ముందు కూర్చుని, తేడాగా కనిపించిన కణం పక్కన సిరాచుక్క పెట్టుకుంటూ పోవాలి. అన్నాళ్లూ బాబు డేకేర్ ఖర్చు మీ లెక్కలో ఉందా?

పాప్ స్లైడ్ల (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష కోసం తీసిన కణాల) పని కూడా మునుపటిలా లేదు. 30 నుంచి 65 ఏళ్ల ఆడవాళ్లు పాప్ లేకుండా, ఐదేళ్లకోసారి హెచ్‌పీవీ (ఆ క్యాన్సర్‌కి కారణమయ్యే వైరస్) పరీక్ష ఒక్కటే చేయించుకున్నా చాలని 2018లోనే యూఎస్‌పీఎస్‌టీఎఫ్ (స్క్రీనింగ్ పరీక్షలపై సలహాలిచ్చే అమెరికా నిపుణుల బృందం) చెప్పింది. థైరాయిడ్, ఊపిరితిత్తుల నుంచి సూదితో తీసిన నమూనాలు చూసే పని మాత్రం ఉంది.

రెండేళ్లలో జీతం కావాలంటే నా ఓటు ఎంఎల్‌టీకే (మెడికల్ ల్యాబ్ టెక్నీషియన్). ఎన్‌ఏఏసీఎల్‌ఎస్ (ల్యాబ్ కోర్సులకు గుర్తింపునిచ్చే సంస్థ) గుర్తింపున్న కాలేజీలో అసోసియేట్ చేస్తే ఆ పరీక్ష రాయొచ్చు. టెక్సస్‌లో ల్యాబ్ ఉద్యోగాలకు రాష్ట్ర లైసెన్సు అక్కర్లేదు. రేపు మీవారికి న్యూయార్క్‌లోనో కాలిఫోర్నియాలోనో ఉద్యోగమొస్తే అక్కడ మీకు లైసెన్సు కావాలి.

హెచ్‌4 మీద ఫెడరల్ విద్యార్థి సాయం రాదు. ఆదాయ పరిమితిలో ఉంటే లైఫ్‌టైం లెర్నింగ్ క్రెడిట్ కింద ఏడాదికి 2,000 డాలర్ల దాకా పన్ను తగ్గుతుంది.

ఇక ఆ 18 వేలు. మీ దగ్గరున్న పొదుపంతా అదేనా? మీవారి హెచ్‌1 ఉద్యోగం పోతే ఇక్కడ ఉండటానికి మీకుండే గడువు మహా అయితే 60 రోజులు, మీ ఈఏడీకీ అదే ఆధారం. ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కనపెట్టాక మిగిలిందే చదువుకి. ఇవాల్యుయేషన్ రిపోర్టు చేతికొచ్చాక, నెల ఖర్చెంతో కూడా చెప్పి మళ్లీ రాయండి.