కొత్త వీల్స్‌కు డబ్బు కట్టే ముందు ఇది చదువు

హనుమకొండ

చిరంజీవి అల్లుడికి,

మామ ఆశీస్సులు. నీ పోర్షే 718 కేమన్ ఫోటోలు మీ అత్తకు కూడా చూపించాను, ఇద్దరం మురిసిపోయాం. కారుతో వచ్చిన 18 అంగుళాల వీల్స్ తీసేసి 20 అంగుళాలవి వేస్తావని అక్క ఫోన్‌లో చెప్పింది. ఆర్టీసీ డిపోలో టైర్ల పని, ఆ తర్వాత సొంత అలైన్‌మెంట్ షాపు, నా బతుకంతా చక్రాల దగ్గరే గడిచింది. అందుకే ఆగలేక రాస్తున్నాను.

ముందు నాకు జరిగింది విను. షాపు మూసేశాక నా కారుకు కొత్త అలాయ్‌లు వేరే చోట వేయించాను. టైరు విప్పే పిల్లవాడు మిషన్‌ను సరిగ్గా వాల్వ్ ఉన్న వైపే నొక్కాడు. లోపల వాల్వ్‌కే బిగించి ఉండే, టైరులో గాలి ఎంతుందో కొలిచే సెన్సర్ పగిలిపోయింది. ఆ మాట చెప్పకుండా మామూలు రబ్బరు వాల్వ్ వేసి పంపించారు. డాష్‌బోర్డులో పసుపు లైటు కాసేపు మిణుకుమని, తర్వాత వెలుగుతూ ఉండిపోయింది. చాలా కార్లలో దాని అర్థం గాలి తగ్గిందని కాదు, సెన్సర్ పలకడం లేదని. నాకు తెలిసి కూడా వారం రోజులు వాయిదా వేశాను. జనగామ దాటాక అదే చక్రంలో గాలి మెల్లగా దిగిపోయింది. కారు ఒక పక్కకు లాగేదాకా నాకు తెలియలేదు, అప్పటికే టైరు అంచు నలిగి చీలింది. పక్కన మీ అత్త, వెనకాల లారీ. ఇప్పటికీ తలుచుకుంటే చేతులు చల్లబడతాయి.

పైగా నీ కారులో స్టెప్నీ కూడా లేదు. రిపేర్ కిట్, గాలి కొట్టే చిన్న మోటారు మాత్రమే ఇస్తారు. టీపీఎంఎస్ (ఆ సెన్సర్లతో టైర్ల గాలిని కనిపెట్టే ఏర్పాటు), ట్యూబ్‌లెస్ టైర్లు, కిట్ ఉంటే స్టెప్నీ అక్కర్లేదని మన దేశంలోనూ 2020లో నిబంధన మార్చారు. అంటే స్టెప్నీ లేని లోటును ఆ సెన్సరే పూడ్చాలి. 1986 నాటి పోర్షే 959లోనే గాలిని కనిపెట్టే ఈ ఏర్పాటు ఉండేది. అంత వేగంగా పోయే బండికి అది ఎంత అవసరమో వాళ్లు అప్పుడే గ్రహించారు.

కాబట్టి కొత్త వీల్స్‌తో పాటు నాలుగు కొత్త సెన్సర్లు కూడా కొను. పాతవి విప్పి వేయొచ్చు కానీ నీది సెకండ్ హ్యాండ్ బండి. సెన్సర్‌లో బ్యాటరీ సీలు చేసి ఉంటుంది, మార్చలేం, మామూలుగా ఏడు నుంచి పదేళ్లు వస్తుంది. పైగా పాత 18 సెట్ సెన్సర్లతో సహా అలాగే ఉంటే దూర ప్రయాణానికి అదే వేసుకోవచ్చు. ఆన్‌లైన్‌లో చవకగా దొరికితే ఆశపడకు. సెన్సర్ కారుతో రేడియోలో మాట్లాడుతుంది. అమెరికా మార్కెట్‌కు చేసిన సెన్సర్లలో చాలావి 315 మెగాహెర్ట్జ్‌వి. నీ కారు 433 వింటుంది, అవి వేస్తే అసలు వినిపించుకోదు. పార్ట్ నంబరు చూసే తీసుకో. వాల్వ్ లోపలి పిన్ను నికెల్ పూత ఉన్నదే వేయమను. ఇత్తడిది వేస్తే అల్యూమినియం వాల్వ్‌లో తుప్పు పట్టి ఇరుక్కుంటుంది. మూతలు ప్లాస్టిక్‌వే చాలు.

ఇక సైజు సంగతి. టైరు మీద మొదటి అంకె మిల్లీమీటర్లలో వెడల్పు, రెండోది ఆ వెడల్పులో టైరు గోడ ఎత్తు ఎంత శాతమో. ముందు 235/45, వెనక 265/45 ఉన్నచోట 20కి వెళ్తే 235/35, 265/35 వేయాలి. అప్పుడు చక్రం మొత్తం ఎత్తు దాదాపు అంతే ఉంటుంది, ఏబీఎస్ తికమక పడదు, స్పీడో మీటరు తప్పదు. కానీ ముందు టైరు గోడ 106 మిల్లీమీటర్ల నుంచి 82కు పడిపోతుంది. ములుగు రోడ్డులో వాన పడ్డాక గుంతలో దిగితే ఆ దెబ్బ నేరుగా రిమ్ముకే తగులుతుంది. నన్నడిగితే 19 చాలు, 235/40, 265/40. చూడటానికీ నిండుగా ఉంటుంది.

బోల్టుల దగ్గర చాలామంది మోసపోతారు. పోర్షేది 5x130, అంటే 130 మిల్లీమీటర్ల వలయం మీద ఐదు బోల్టులు, మధ్య రంధ్రం 71.6 మిల్లీమీటర్లు. కొత్త వీల్ రంధ్రం అంతకంటే పెద్దదైతే ఆ సందు పూడ్చే సరైన రింగు వేయాలి, లేకపోతే స్టీరింగ్ వణుకుతుంది. కంపెనీ బోల్టు కూర్చునే చోటు గుండ్రంగా ఉంటుంది, బయటి వీల్స్ చాలావాటికి ఏటవాలుగా ఉంటుంది. ఒకదాని బోల్టు ఇంకోదానికి బిగిస్తే బిగిసినట్టే ఉంటుంది కానీ నడుస్తూ వదులవుతుంది. గాలి గన్‌తో బిగించనివ్వకు. ఎంత బిగువు పడిందో చూపే టార్క్ రెంచ్‌తో 160 న్యూటన్ మీటర్లు పెట్టించు, ఒక వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చూడు.

బిగించాక కారు మెనూలో కొత్త టైరు సైజు ఎంచుకో. తర్వాత కాసేపు నడిపితే కారే కొత్త సెన్సర్లను గుర్తుపడుతుంది. ఆ కొన్ని నిమిషాలు గాలి అంకెలు కనిపించవు, టెన్షన్ పడకు. గాలి పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు డోర్ దగ్గరి స్టిక్కర్ చూసి పట్టించు. మన మే నెల ఎండలో మధ్యాహ్నం అంకె ఎక్కువ చూపిస్తే గాలి తీసేయకు. పది డిగ్రీల వేడికి దాదాపు ఒకటిన్నర పీఎస్ఐ పెరుగుతుంది, సాయంత్రానికి దిగుతుంది.

డబ్బు కట్టకముందు ఆ వీల్స్ వెనక వైపు ఫోటోలు తీసి పంపు. ఎంత బరువు మోస్తుందో అక్కడే అచ్చు ఉంటుంది, నేను చదివి చెప్తాను. బిగించే రోజు కూడా ముందే చెప్పు. నా టార్క్ రెంచ్ తీసుకుని వస్తాను, టైరు ఎక్కించేటప్పుడు వాల్వ్ దగ్గర నేనే నిలబడతాను.

మీ మామ